నల్లగొండ మీది ఆకాశం: ఒక పిల్లల పుస్తకం వెనక మనుషులు

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా బడి బీరువాలో ఆకాశం గురించిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలతో అచ్చయినవి ఇంగ్లిష్‌వి. పిల్లలు బొమ్మలు చూసి మళ్లీ బీరువాలో పెట్టేస్తారు. తెలుగులో ఉన్నవి చదువుతారు, కానీ వాటిలో చాలావరకు ఆ ఇంగ్లిష్ పుస్తకాల నుంచి దిగినవే. భాష మన దగ్గరికి వచ్చింది గానీ ఆకాశం అక్కడే ఉండిపోయింది. "సప్తర్షి మండలం ఏడాది పొడుగునా కనిపిస్తుంది" అని ఉంటుంది. లండన్‌లో కనిపిస్తుంది. నల్లగొండలో కార్తీకమాసం సాయంత్రం డాబా ఎక్కి ఎంత వెతికినా కనిపించదు, అప్పటికి అది దిగువకు జారిపోయి ఉంటుంది. వెతికి వెతికి పిల్లలు తమకే చూడరాలేదనుకుంటారు. పుస్తకం తప్పని వాళ్లకెందుకు అనిపిస్తుంది?

మన పిల్లలు డాబా మీద నిలబడి చూసే ఆకాశంతోనే ఒక పుస్తకం వేయాలని అక్కడ మొదలైంది. నేను రాస్తానన్నాను. రాయడం అందులో చిన్న పనేనని తర్వాత తెలిసింది.

మొదట చేరింది మా తెలుగు సార్. రిటైర్ అయ్యి ఇంట్లోనే ఉంటున్నారు. ప్రూఫులు చూస్తానని వచ్చారు, కానీ ఆయన చూసింది ప్రూఫులు కాదు, నన్ను. "ఖగోళ వస్తువుల పరస్పర గురుత్వాకర్షణ వలన" అని రాస్తే కాగితం నా ముందు పెట్టి, "దీన్ని మీ క్లాసులో ఇట్లనే చెప్తరా?" అన్నారు. చెప్పను. "మరి ఇక్కడెందుకు చెప్తున్నరు?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకు మొదటి మూడు అధ్యాయాలు తిరగరాశాను.

బొమ్మల కోసం ఒక అన్న దొరికాడు. గోడల మీద, షట్టర్ల మీద బోర్డులు రాసి బతికేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. చేయి మాత్రం ఎక్కడికీ పోలేదు. నెలవంక గీయమంటే మొదట అందరూ గీసినట్టే నిలువుగా, ఇంగ్లిష్ 'సి' అక్షరంలా గీశాడు. దాని రెండు కొమ్ముల మధ్య ఒక చుక్క పెట్టాడు, అందానికి. చుక్క అక్కడ ఉండదన్నా అని చెప్పాను. మనకు కనిపించకపోయినా చంద్రుడు అక్కడ నిండు గుండ్రంగానే ఉంటాడు, వెలుతురు పడని భాగంలోంచి వెనక చుక్క కనిపించే దారి లేదు. ఆ మాట వెంటనే ఒప్పుకున్నాడు. నిలువు సంగతి మాత్రం ఒప్పుకోలేదు, "అన్ని బొమ్మల్లో అట్లనే ఉంటది గద సార్" అన్నాడు. ఉగాది దాటిన సాయంత్రం పడమటి దిక్కు చూడమన్నాను. చూసి ఫోన్ చేశాడు. నెలవంక మన దగ్గర వెల్లకిలా పడుకుని దోనెలా ఉంటుంది, ముఖ్యంగా మాఘం నుంచి చైత్రం దాకా. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు, చంద్రుడు దాదాపు నిటారుగా దిగుతారు, అందుకే వెలుతురు కింది నుంచి పడుతుంది. ఉత్తరాన ఉన్న దేశాల్లో ఏటవాలుగా దిగుతారు, అక్కడ నెలవంక నిలబడినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఆయన దేన్నీ బొమ్మ చూసి గీయలేదు. ప్రతిదానికీ బయటికి వెళ్లి చూసొచ్చేవాడు. పని ఆలస్యమయ్యేది, నాకు టెన్షన్ పెరిగేది, పేజీ మాత్రం బాగుండేది.

నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకె పుస్తకం మొత్తాన్ని నడిపించింది. ధ్రువనక్షత్రం ఇక్కడ నేలకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. టౌన్‌లో ఎదురింటి వాటర్ ట్యాంకే దాన్ని కప్పేస్తుంది. అందుకు బదులుగా దక్షిణాన మనకు దొరికేది చాలా ఉంది. ఆకాశంలో కాంతిలో రెండో స్థానంలో ఉన్న అగస్త్య నక్షత్రం చలికాలం రాత్రి దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తుకు వస్తుంది. లండన్ వాళ్లకు అది ఎప్పటికీ కనిపించదు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాల గుంపు ఆల్ఫా సెంటారీ కూడా మే నెల రాత్రుల్లో దక్షిణాన నేలకు దగ్గరగా కనిపిస్తుంది. ఇవి రెండూ ఆ ఇంగ్లిష్ పుస్తకాల్లో పిల్లలకు చూపించే చుక్కల్లో ఉండవు. మా దాంట్లో వాటికి ఒక్కోదానికి పూర్తి పేజీ ఇచ్చాం.

నీడ లేని రోజు దగ్గర పెద్ద చర్చే జరిగింది. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లన్నింటికీ ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన గ్లాసుకు నీడ మాయమవుతుంది. నల్లగొండకు అది మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. మేలో ఎండ ఉంటుంది, బడి ఉండదు. ఆగస్టులో బడి ఉంటుంది, ఎండ ఉండదు. బడిలో చేయించే ప్రయోగంగా రాసిందాన్ని తీసేసి, వేసవి సెలవుల్లో ఇంటి వాకిట్లో స్టీలు గ్లాసు బోర్లించి చేసుకునేదిగా మార్చాం. సరిగ్గా పన్నెండింటికి చూస్తే మాత్రం కుదరదు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, నల్లగొండ దానికి పడమట ఉంది, సూర్యుడు ఇక్కడికి రావడానికి దాదాపు 13 నిమిషాలు ఎక్కువ పడుతుంది. దానికి తోడు ఏడాదిలో సూర్యుడి నడకే కొంచెం ముందూ వెనకా అవుతుంటుంది. అందుకని మేలో పన్నెండుంపావుకు కొంచెం ముందు, ఆగస్టులో పన్నెండుంపావు దాటాక అని రాశాం.

పిల్లలతో చదివించడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. "అర్థమైందా?" అని అడిగితే క్లాసు క్లాసంతా "అయింది సార్" అంటుంది. టీచర్లందరికీ తెలిసిన సంగతే. అందుకని అడగడం మానేశాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒక పేజీ చదివి, కాగితం పక్కన పెట్టి, ఆరో తరగతి పిల్లకు చెప్పాలి. మేం వెనక కూర్చుని వినాలి, నోరు తెరవకూడదు. చెప్పే పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత. వినే పిల్ల ఏం అడిగిందో మార్జిన్‌లో రాయాలి. దేవరకొండ వైపు ఒక హాస్టల్లో ఇట్లా చదివిస్తుంటే, సూర్యుడి పేజీ దగ్గర ఒక చిన్నది అడిగింది: "మంట మండాలంటే గాలి గావాలె గద అక్కా. ఆడ గాలి లేదని ముందు పేజీలనే ఉండె." చెప్పే పిల్ల మావైపు చూసింది. నేను తెలుగు సార్ వైపు చూశాను.

ఆ పేజీలో నేను "మండే గోళం" అని రాశాను. అందరూ అట్లనే రాస్తారు. అక్కడ మంట లేదు. సూర్యుడి నడిమధ్యలో వేడి దాదాపు కోటీ యాభై లక్షల డిగ్రీలు, ఆ వేడికీ ఒత్తిడికీ హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి హీలియం అవుతాయి, ఆ కలయికలో శక్తి పుడుతుంది. దానికి గాలి అక్కర్లేదు. ఆ చిన్నపిల్ల ప్రశ్ననే అధ్యాయానికి మొదటి వాక్యంగా పెట్టాం, మార్చకుండా, ఆమె అన్నట్టే. తెలుగు సార్ ఆ 'గావాలె'ను ముట్టుకోనివ్వలేదు.

బస్సెక్కితే చంద్రుడు మనతోనే ఎందుకు ఉరుకుతాడన్న ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వచ్చింది. జవాబు చెప్పడం కన్నా చూపించడం తేలిక. సాయంత్రం దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు పక్క చెట్లు సర్రున వెనక్కి పోతాయి, దూరపు గుట్టలు మెల్లగా కదులుతాయి, 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరాన ఉన్న చంద్రుడు అసలు కదిలినట్టే ఉండడు. బొమ్మ అన్న ఆ పేజీని బస్సు లోపలి నుంచి గీశాడు, ముందు సీటు వెనక చిరిగిన రెగ్జిన్‌తో సహా. పుస్తకంలో నాకు అన్నింటికన్నా నచ్చిన బొమ్మ అదే.

దూరాల గురించి అంకెలు వేస్తే ఎవరూ చదవరు. అందుకే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మీటరు అడ్డం ఉన్న సూర్యుణ్ని పెట్టాం, కాగితం మీదే లెండి. అప్పుడు భూమి 9 మిల్లీమీటర్ల గోళీ, 107 మీటర్ల దూరంలో. గురుడు అరకిలోమీటరు దాటాక, శని కిలోమీటరు దగ్గర. నెప్ట్యూన్ 3.2 కిలోమీటర్లు, అంటే పానగల్ దారి పట్టాల్సిందే. అక్కడిదాకా పిల్లలు ఉత్సాహంగా వస్తారు. మరి పక్క నక్షత్రం? ఇదే లెక్కన సుమారు 29 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40 వేలు, అంటే ఇక్కడి నుంచి ఎటు పోయినా 20 వేలకు మించి దూరం పోలేం. నల్లగొండలోనే కాదు, ప్రపంచపటం మీద ఎక్కడ పెడదామన్నా దానికి చోటు చాలదు. ఇక్కడ పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైపోతారు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడతారు.

పానగల్ అనగానే ఛాయా సోమేశ్వరాలయం ప్రశ్న వస్తుంది, తప్పదు. సూర్యుడు కదులుతుంటే గర్భగుడిలో లింగం మీది నీడ ఎందుకు కదలదు? మేం ఖగోళం పుస్తకం వేస్తున్నాం, కాంతి పాఠం కాదు, వదిలేద్దామని నేనన్నాను. మిగతా అందరూ ఒక్కటై నన్ను ఓడించారు. గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. మండపంలోకి పక్కల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరుతుంది, దాన్ని స్తంభాలు అడ్డుకున్న చోట నీడ నిలుస్తుంది. సూర్యుడు ఎటున్నా వెలుతురు వచ్చే దారులు అవే కాబట్టి నీడా అక్కడే. కుందూరు చోడుల కాలపు శిల్పులు స్తంభాల కొలతను ఎంత లెక్కగా పెట్టారో ఆ పేజీ చదివి మళ్లీ గుడికి వెళ్లిన పిల్లలకు తెలుస్తుంది.

చుక్కల పేర్ల కోసం మా విద్యార్థి నాయనమ్మ దగ్గరికి పోయాం. ఆమెకు సప్తర్షులంటే తెలియదు. ఆమె లెక్కన ఆ ఏడింటిలో నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, వెనక మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకపోయే దొంగలు. కృత్తికలు పిల్లలకోడి. మృగశిర దగ్గర వరుసగా ఉండే మూడు చుక్కలు గొల్లకావడి. మోట కొట్టే రోజుల్లో వేగుచుక్క పొడవగానే ఎడ్లను కట్టేవాళ్లట. గోడకు ఆనుకుని కూర్చుని, తల కూడా ఎత్తకుండా, ఏ నెలలో ఏది ఎప్పుడు పొడుస్తుందో చెప్పుకుంటూ పోయింది. తర్వాత నేను ఫోన్‌లో స్కై యాప్ పెట్టి సరిచూశాను. ఆమె నా ఫోన్ వైపు ఒకసారి చూసి మళ్లీ చిక్కుడుకాయలు ఒలుచుకుంది.

గ్రహణం అధ్యాయానికి అసలు మనిషి మళ్లీ తెలుగు సారే. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ రాయచూరు మీదుగా నల్లగొండ మీదికి వచ్చి పూరీ వైపు వెళ్లింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది, అది ఆ నీడ దారిలోనే పడింది, శాస్త్రవేత్తలు అక్కడికి చేరారు. మన ఊళ్లలో మాత్రం తలుపులు మూసుకున్నారు. సార్ అప్పుడు కుర్రాడు. "రోకలి నిలబెట్టిన పళ్లెం ముందు కూసున్నం. కోళ్లు గూట్లెకు పోయినయి. పట్టపగలు చీకటయింది, కిటికీ సందులకెళ్లి తెలిసింది. లేచి బయటికి పోలే" అని చెప్పారు. చెప్పాక కాసేపు మాట్లాడలేదు. ఇక ముందు మన దేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించేది 2034 మార్చి 20న, అదీ లద్దాఖ్ వైపు.

ఆయన పట్టుబట్టి రెండు విషయాలు పెట్టించారు. ఒకటి, గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ముతో, పళ్లెంలో నీళ్లతో చూడొద్దని. సోలార్ ఫిల్టర్ ఉన్న కళ్లద్దాలైనా ఉండాలి, లేదా అట్టముక్కకు సూదితో చిల్లు పెట్టి నేల మీద పడే బొమ్మను చూడాలి. రెండోది రోకలి. గ్రహణం లేని రోజు, ఏ ఆదివారమో, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి చూడమని. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించే మాట అందులో ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. ఉంచలేదు. ఆ పేజీ చదివి ఇళ్లల్లో రోకళ్లు నిలబెట్టిన పిల్లలు చాలామంది.

పాత రోజుల సంగతులకు రెండు పేజీలు దక్కాయి. కృష్ణా ఒడ్డున ముడుమాల నిలువురాళ్ల దగ్గరికి, ఇప్పుడది నారాయణపేట జిల్లా, అందరం కలిసి వెళ్లాం. అక్కడొక బండ మీద చెక్కిన గుంటలు సప్తర్షి మండలానివేనని పరిశోధకులు చెప్తున్నారు. బొమ్మ అన్న ఎండలో కూర్చుని ఒక్కో గుంటా కొలిచి గీశాడు. రెండో పేజీ 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీది. ఆకాశం మొత్తాన్నీ దేశాలు పంచుకుని ఫోటోలు తీసే పనిలో తన వంతుగా అది ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచి అచ్చువేసింది. కొలిచిన వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా పెద్దగా వినిపించవు. మా డీటీపీ అక్క ఈ పేజీ కంపోజ్ చేస్తూ, "మా లెక్కనే అన్నట్టు" అంది.

అక్కది ప్రకాశం బజార్ దగ్గర చిన్న షాపు. రోజూ లగ్గం పత్రికలు, ఫ్లెక్సీలు చేస్తుంది. వెలుతురు సూర్యుడి నుంచి రావడానికి ఒక పేజీలో ఎనిమిది నిమిషాలని, ఇంకో పేజీలో ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లని ఉంటే పట్టుకుంది ఆమే. నక్షత్రపటం దగ్గర మాత్రం గొడవైంది. అందులో తూర్పు ఎడమవైపు ఉంటుంది. భూగోళం మ్యాపులో తూర్పు కుడివైపే కదా అని ఆమె బొమ్మను తిప్పేసింది. ప్రింటవుట్ చూసి బొమ్మ అన్న "గొల్లకావడి ఉల్టా అయింది" అన్నాడు. నక్షత్రపటాన్ని నెత్తిమీద పట్టుకుని కింది నుంచి చూడాలి, అప్పుడు తూర్పు తూర్పుకే వస్తుంది. నేను నాలుగు వాక్యాల్లో వివరణ రాశాను. అక్క అది చదివి తలూపి, "ఒక పిలగాడు పుస్తకం నెత్తిమీద పట్టుకున్నట్టు బొమ్మేస్తే అయిపోతది గదా" అంది. అయిపోయింది. నా వాక్యాలు పోయాయి.

ప్రెస్సు పని హైదరాబాద్‌లో. మాది పదహారు పేజీల ఫారాల లెక్క, ఒక పేజీ పెరిగితే పదహారు పెరిగినట్టే ఖర్చు. అందుకని నాకిష్టమైన ఉల్కల పేజీ తెగిపోయింది. ఆకాశం పేజీలన్నీ నల్లగా, తెల్ల చుక్కలతో ఉండాలని నా కోరిక. మెషిన్ మీద పనిచేసే ఆయన టెస్టు షీటు తీసి, నా చేతికి భూతద్దం ఇచ్చాడు. నాలుగు రంగుల సిరాలు కలిపి తెచ్చిన నలుపులో, రంగులు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చిన్న చుక్క పూడిపోతుంది. చాలా చుక్కలు నీలంగా, కొన్ని ఎర్రగా ఉన్నాయి, కొన్ని లేనే లేవు. మేం కొనగలిగిన కాగితం మీద అంత సిరా ఆరక పక్క పేజీకి అంటుకుంటోంది కూడా. "తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు పెట్టుండ్రి, పెద్ద చుక్క అంటే ఎక్కువ మెరిసేదని కింద రాయుండ్రి" అన్నాడు. అట్లానే చేశాం. ఖర్చు తగ్గింది. రాత్రి డాబా మీద టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూసినప్పుడు ఆ తెల్ల పేజీయే సులువుగా కనిపిస్తుందని వాడాక అర్థమైంది. ఎర్ర వెలుతురుకు కళ్లు చీకటి అలవాటును పోగొట్టుకోవు.

చివరి ప్రూఫుల దాకా వదలనిది శని గ్రహం. ఉపగ్రహాలు 82 అని రాసుకున్న నోట్సు నుంచి మొదలుపెట్టాను. 2023లో అది 145 దాటింది, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేరి 274 అయింది. చంద్రయాన్-3 దగ్గర కూడా తెలుగు సార్ ఎర్రపెన్ను ఆగింది. 2023 ఆగస్టు 23న దిగింది దక్షిణ ధ్రువం మీద కాదు, ఆ ప్రాంతానికి దగ్గర, సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద. పేపర్లు అన్నీ 'మీద' అనే రాశాయని నేనంటే, "పేపర్లు రేపు చిత్తుకు పోతయి, ఇది బీరువాల ఉంటది" అన్నారు.

పేర్ల పేజీ గురించి కొంచెం తగువు నడిచింది. అట్ట మీద రచయితగా నా ఒక్కడి పేరే వేద్దామని కొందరన్నారు. నాకు మనసొప్పలేదు. ఎక్కువతక్కువలు లేకుండా లోపల ఒకే సైజు అక్షరాల్లో అందరి పేర్లూ వేశాం. డీటీపీ అక్క తన పేరును తనే కంపోజ్ చేసుకుంటూ ఫాంటు సైజు ఒక పాయింటు తగ్గించింది, తెలుగు సార్ చూసి పెంచమన్నారు. నాయనమ్మ మాత్రం "నా పేరెందుకు బిడ్డా, చుక్కలు నావా" అంది. ఆమె మనవడు ఒప్పించాడు. మెషిన్ మీద పనిచేసే ఆయన పేరు చేర్చేసరికి ఫైలు ప్రెస్సుకు వెళ్లిపోయింది, రెండో ముద్రణలో వేయాలి.

రెండో ముద్రణ ఫైలు ఇప్పుడు అక్క షాపులో తెరిచే ఉంది. శని ఉపగ్రహాల అంకె తీసేసి, ఎందుకు పెరుగుతూ పోతోందో రాస్తున్నాం. బడుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది, చంద్రుడు పగలు ఎందుకు కనిపిస్తాడని. ఇంతమందిమి కూర్చుని చేసిన పుస్తకంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. సూర్యుడిలో గాలి గురించి అడిగిన దేవరకొండ పిల్లనే ఆ పేజీ రాయమన్నాం. రాసి పంపింది. తెలుగు సార్ దగ్గర ఉంది, ఇంకా ఎర్రపెన్ను తీయలేదట.